ఆయాసం

‘ఆయాసం’ సంస్కృతం నుంచి వచ్చిన మాట. ప్రయత్నించడం అనే అర్థమున్న ‘యస్’ ధాతువుకు ‘ఆ’ చేరితే ఆయాసం, ‘ప్ర’ చేరితే ప్రయాస. మూలార్థం శ్రమ, అలసట. తెలుగులో అది ఊపిరి మీదికి మళ్లింది. పాత అర్థం మాత్రం ‘అనాయాసంగా’ అన్నప్పుడు చెక్కుచెదరకుండా వినిపిస్తుంది. రొప్పడం, వగర్చడం అచ్చతెలుగు మాటలు.

బెజవాడలో ఇంద్రకీలాద్రి మెట్లెక్కేవారికి వచ్చేది శ్రమవల్ల పుట్టే ఆయాసమే. ఆ కొండపై ప్రాణవాయువుకు లోటు లేదు. కాళ్ల కండరాల అవసరమే పెరుగుతుంది. హిమాలయాల్లో సంగతి వేరు. నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో చేరిన ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. అక్కడి గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు మూడో వంతే.

ఇలా ఏర్పడే ప్రాణవాయువు లోటును మెడలోని కరోటిడ్ బాడీలు పసిగడతాయి. ఊపిరి లోతవుతుంది, గుండె వేగం పెరుగుతుంది. ఊపిరితిత్తుల తీరే విచిత్రం: ప్రాణవాయువు తగ్గితే శరీరంలో మిగతా చోట్ల రక్తనాళాలు విప్పారుతాయి, ఇక్కడివి ముడుచుకుంటాయి. గాలి అందని మూల నుంచి రక్తాన్ని మళ్లించే ఈ ఏర్పాటు మైదానంలో మేలే. ఎత్తులో అన్నీ ఒకేసారి ముడుచుకోవడంతో గుండె కుడిభాగంపై భారం పడుతుంది; కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మూత్రపిండాల నుంచి వచ్చే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ ఎర్రకణాలను పెంచడానికి వారాలు పడుతుంది.

ఎత్తైన కొండల్లో కూర్చున్నా తగ్గని ఆయాసం ప్రమాద సూచన. అప్పుడు ఆలస్యం చేయకుండా కిందికి దిగాలి.