నీటిమీది పిల్లిమొగ్గలు - ఇంజను మార్పిడి

ముసలి గుఱ్ఱమును విప్పి పడుచు గుఱ్ఱమును కట్టినంత సులువుగా వాహనమునకు ఇంజనును మార్చుట సాధ్యము కాదు. దాని బలమునే కాక బరువును, అది పట్టు చోటును, అది త్రాగు నూనెను కూడ చూచుకొనవలెను. నీటిమీద నిలుచుండి నడుపు జెట్ స్కీ అను చిన్న యంత్రపు పడవ చరిత్రలో ఈ సంగతి స్పష్టముగా కానవచ్చును.

దీనిని ఊహించినవాడు అమెరికా దేశపు మోటారు సైకిలు పందెగాడు క్లేటన్ జాకబ్‌సన్. పందెములలో నేలపై పడి దెబ్బలు తినిన ఆయన, అదే వేగము నీటిమీద లభించినచో పడినను బాధ యుండదుగదా యని 1960 దశకమున తలపోసెనని చెప్పుదురు. అయితే ప్రొపెల్లరు ఱెక్కలు బయట తిరుగు పడవనుండి పడుట ప్రాణాపాయము. కావున ఆయన జెట్ పంపును ఎన్నుకొనెను. పడవ అడుగునుండి నీటిని పీల్చి వెనుకకు ధారగా చిమ్ము ఆ పద్ధతిని న్యూజీలాండులో విలియం హామిల్టన్ లోతు లేని నదులకొఱకు 1950 దశకముననే వృద్ధిచేసి యుండెను. 1968లో కెనడాలోని బొంబార్డియర్ కంపెనీ కూర్చుండి నడుపు ‘సీ-డూ’ను తెచ్చెను గాని అది అప్పటికి నిలువలేదు. 1973లో జపానుకు చెందిన కవాసాకి కంపెనీ 400 సి.సి. ఇంజనుతో, నిలుచుండి నడుపు జెట్ స్కీని అమ్మకమునకు పెట్టెను.

అది రెండు సిలిండర్ల టూ-స్ట్రోకు ఇంజను. పెట్రోలులో నూనె కలిపి పోసిన పాత స్కూటర్లను ఎఱిగిన మన యిండ్లవారికి దాని వాసనయు నీలిపొగయు క్రొత్త కావు. ఇట్టి ఇంజనుకు అడుగున నూనెతొట్టి యుండదు. నూనె పెట్రోలుతోనే వచ్చి, లోని భాగములను తడిపి, కాలిపోవును. ఈ పడవల కార్బురేటరులో పెట్రోలు నిలుచు గిన్నెకు మాఱుగా పలుచని పొర యొకటి పనిచేయును. అందుచేత పడవ క్షణకాలము తలక్రిందులైనను ఇంజనునకు తిండి తప్పదు. ఈ చిన్న విశేషమే తరువాతి కథ నంతయు నడిపినది.

రానురాను కుఱ్ఱవాండ్రు సూటిగా పోవుటతో తృప్తినొందక, ముక్కును నీట ముంచి పైకెగురుట, ప్రక్కకు దొర్లుట, వెనుకకు పిల్లిమొగ్గ వేయుట మొదలిడిరి. దీనికే ఫ్రీస్టైల్ అని పేరు. ఇందు గరిష్ఠవేగముతో పని లేదు. దాదాపు నిలిచియున్న చోటినుండి ఒక్క ఊపులో పడవను గాలిలోనికి లేపు లాగుడు కావలెను. కంపెనీవారి ఇంజను చాలక, 1980 దశకమున వచ్చిన 650 సి.సి. కవాసాకి ఇంజనును కొందఱు పాత 440, 550 పడవల పొట్టలో దింపిరి. దానికై అడుగు పలకలను మార్చవలసి వచ్చెను. 1990లో యమహా వారి సూపర్‌జెట్ వచ్చిన పిదప పని తేలికయైనది. దాని మొదటి 633 సి.సి. ఇంజనును తీసి తరువాతి 701 సి.సి. ఇంజనును అవే బోల్టులపై కూర్చుండబెట్టవచ్చును. కూర్చుండి నడుపు యమహా పడవలలోను 701 ఉండుటచే, పాతబడిన వానినుండి ఊడదీసిన ఇంజనులు విరివిగా దొరకెను. మేలైన యంత్రము కంటె దొరకు యంత్రమే గెలుచుట చరిత్రలో క్రొత్త కాదు.

ఇంజనును పెంచి పంపును మఱచినవారు డబ్బు నీటిపాలు చేసినట్లే. పంపులోని ఱెక్కల వంపు ఇంజను బలమునకు సరిపడనిచో అవి నీటిని పట్టక, చుట్టును బుడగలు పుట్టి, బలమంతయు నురుగై పోవును. తరువాత చిన్న కర్మాగారములు ఇంకను పెద్ద ప్రత్యేక ఇంజనులను, కార్బను నారతో తేలికపాటి పొట్టలను చేసినవి. అట్టివానిలో పెక్కింటికి పందెపు పెట్రోలే పోయవలెను. క్రొత్తగా నేర్చువానికి మార్పుచేయని 701 చాలునని మా అభిప్రాయము.

ఇంతలో వేఱొక లెక్క ముందుకు వచ్చినది. కార్బురేటరు గల టూ-స్ట్రోకు ఇంజను తాను త్రాగిన పెట్రోలులో ఇంచుమించు నాలుగవ వంతు కాల్చకయే నీటిలోనికి విడుచును. 1996లో అమెరికా పర్యావరణ సంస్థ పడవ ఇంజనుల పొగపై నియమములు చేసెను; 1999 నుండి టాహో సరస్సులో ఇట్టి ఇంజనులు నిషిద్ధములైనవి. త్రాగునీటి సరస్సు ఒడ్డున నివసించువారి మొఱ న్యాయమైనదే. కంపెనీలు ఫోర్-స్ట్రోకు వైపు మరలినవి. కాని 2017లో వచ్చిన కవాసాకి 1498 సి.సి. పడవ బరువు 250 కిలోలు. పాత సూపర్‌జెట్ సుమారు 140 కిలోలే. అంత బరువును గాలిలో త్రిప్పుట ఎవరి తరము? సూపర్‌జెట్ మాత్రము, పోటీలకే యను ముద్రతో 2020 వఱకు టూ-స్ట్రోకుగనే నిలిచి, 2021లో 1049 సి.సి. ఫోర్-స్ట్రోకుగా మాఱెను. ఫ్రీస్టైలు ఆటగాండ్రు నేటికిని తేలిక పొట్టలలో ఆ పాత టూ-స్ట్రోకు వంశపు ఇంజనులనే బిగించుకొని, అనుమతి గల జలములను వెదకికొని పోవుచున్నారు.