ప్రాణము లేని చేప

లడ్డు వేలముతో పేరుగన్న బాలాపూరులో ఒక చెరువు కలదు. ఉదయమున అందులో ఒక సీసా ముంచి నీటిని పరీక్షించినచో, ముంచిన క్షణమున నీరెట్లున్నదో అది మాత్రమే తెలియును. రాత్రి ఎవరైనను మురుగు వదలియుండినచో సీసా దానిని ఎరుగదు. పైగా పురుగుమందులవంటి కర్బన విషములు కొన్ని, లీటరు నీటిలో గ్రాములో నూరుకోట్లవ వంతు మాత్రమే ఉండవచ్చును. అంత స్వల్పమును పట్టుట కష్టము.

చేప మాత్రము పట్టును. ఈ విషములకు నీటికంటె కొవ్వుపై మక్కువ. కనుక అవి చేప దేహమున పేరుకొనును. సముద్రతీరములకు ఆల్చిప్పలనే కాపలా పెట్టవచ్చునని 1975లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ సూచించెను. కాని ప్రాణికి జబ్బు చేయును. మురుగు మితిమీరిన చోట, అనగా కొలత మిక్కిలి అవసరమైన చోటనే, అది చచ్చును. మరి ప్రాణము లేని చేపను చేయరాదా?

1987లో స్వీడన్ దేశీయుడు సోడర్‌గ్రెన్ పలుచని పొరసంచులలో హెక్సేన్ నింపి నీటిలో ఉంచెను. 1990లో అమెరికాలో జేమ్స్ హకిన్స్, అతని సహచరులు పాలిథీన్ గొట్టములో ట్రైఓలీన్ అను కొవ్వునూనెను పోసి మూసిరి. పాలిథీన్ అణుగొలుసుల నడుమ సందులు సుమారు 10 ఆంగ్‌స్ట్రాములు. కరిగియున్న చిన్న అణువులు వానిలో దూరును. బురదకు అంటుకొన్నవి బయటనే ఉండును. చేప మొప్పల తీరును ఇంచుమించు ఇట్టిదే. తరువాత నూనె కూడ అక్కరలేదని తేలినది. వట్టి పాలిథీన్ పొరయే విషమును పీల్చుకొనును!

అయినను ఒక చిక్కు. ప్రవాహము వడిగా ఉన్నచోట పొర త్వరగా పీల్చును, నిలకడ నీటిలో మెల్లగా. వేగము తెలియనిదే లెక్క కుదరదు. దీనికి చేసిన ఉపాయము ముచ్చటైనది. ప్రకృతిలో దొరకని పదార్థమును కొంత ముందే పొరలోనికి ఎక్కింతురు. నెల తరువాత అది ఎంత కారిపోయినదో చూచినచో, విషము లోనికి వచ్చిన వేగము తెలియును.

ఇట్టి పొర అన్ని నీళ్లకును చాలునా? 2007లో జోకిమ్ లార్సన్ బృందము, పటాన్‌చెరువులో ఔషధ కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నదని ప్రకటించెను. మందు పుచ్చుకొన్న రోగి రక్తములోని మోతాదుకంటెను అది హెచ్చు. ఇది నీటిపై మక్కువగల మందు, పాలిథీన్‌లోనికి పోదు. అచట ఆ పొరనొక్కదానినే వ్రేలాడదీసియుండినచో, ఈ మందు జాడయే చిక్కెడిది కాదు. ఇట్టివానికై 2004లో అమెరికాలో డేవిడ్ అల్వారెజ్ బృందము వేరొక సాధనమును వెలువరించెను. రెండు పొరల నడుమ పీల్చుపొడి నుంచిన బిళ్ల అది.