డిన్నర్ టేబుల్ పక్కన వాయించింది ఎవరు? తాజ్ హోటల్ నుంచి పార్క్ స్ట్రీట్ దాకా



రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. ఇద్దరికి ఒక టేబుల్, మధ్యలో క్యాండిల్, అందంగా సర్దిన ప్లేటు, కొంచెం దూరంలో లైవ్ బ్యాండ్. స్పానిష్ గిటారో, జాజ్ సాక్సఫోనో వినిపిస్తుంటుంది. కింద క్యాప్షన్‌లో రెస్టారెంట్ ట్యాగ్ ఉంటుంది, డిష్ పేరు ఉంటుంది. వాయించేవాళ్ళ పేరు మాత్రం ఉండదు. ఈ అలవాటు కొత్తది కాదు. అదెంత పాతదో తెలియాలంటే 90 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

బొంబాయి, 1935. తాజ్ మహల్ హోటల్. 1903లో తెరిచిన ఈ హోటల్‌కి అప్పటికే రాజులు, పార్సీ వ్యాపారులు, బ్రిటిష్ ఆఫీసర్లు జంటలుగా వచ్చేవాళ్ళు. సూట్లు, గౌన్లు, కోర్సుల వారీగా డిన్నర్, ఆ తర్వాత డాన్స్. ఆ ఏడాది అక్కడికి లియాన్ అబీ అనే అమెరికన్ వయొలినిస్ట్ తన బ్యాండ్‌తో వచ్చాడు. బ్యాండ్‌లో అందరూ నల్లజాతి వాళ్ళే. మన దేశంలో వాయించిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ జాజ్ బ్యాండ్లలో అదొకటి. ఆయన వెనకే ట్రంపెట్ వాయించే క్రికెట్ స్మిత్, పియానిస్ట్ టెడ్డీ వెదర్‌ఫర్డ్ కూడా వచ్చారు.

అమెరికా ఎక్కడ, బొంబాయి ఎక్కడ? అంత దూరం ఎందుకొచ్చారు? జీతం ఒక కారణం. ఇంకో కారణం చూడండి. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో అందరి నోటా వినిపించే పేరు కాటన్ క్లబ్. డ్యూక్ ఎలింగ్టన్ లాంటి మహా కళాకారుడు వాయించిన చోటు. అక్కడ స్టేజీ మీద నల్లవాళ్ళు, టేబుళ్ళ దగ్గర తెల్లవాళ్ళు. వాయించినవాళ్ళ సొంత మనుషులకే లోపలికి ప్రవేశం లేదు. అందుకే చాలామంది సంగీతకారులు పారిస్ వెళ్ళారు, షాంఘై వెళ్ళారు, కొందరు బొంబాయి దాకా వచ్చారు. ఇక్కడ వాళ్ళు పెద్ద హోటల్లో స్టార్లు.

అలాగని ఇక్కడ అంతా సమానత్వమే అనుకోకండి. అదే ఊళ్ళో తెల్లవాళ్ళ క్లబ్బులు కొన్నింట్లోకి భారతీయుల్ని రానిచ్చేవాళ్ళు కాదు. రంగు గొడవ ఇక్కడా ఉంది, గుమ్మం మాత్రమే మారింది.

వెదర్‌ఫర్డ్ కథ ఇంకా బరువైనది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన కలకత్తా గ్రాండ్ హోటల్లో బ్యాండ్ నడిపాడు. ఊరంతా అమెరికన్, బ్రిటిష్ సైనికులు. హాల్లో విందు, డాన్సు. అదే నగరం వీధుల్లో 1943లో బెంగాల్ కరువుకి జనం ఆకలితో పడిపోతున్నారు. ఆ రెండు దృశ్యాలూ ఒకే ఊరివి, ఒకే కాలానివి. 1945లో వెదర్‌ఫర్డ్‌ని కలరా తీసుకుపోయింది. అప్పటికి ఆయన వయసు 41.

సరే, విదేశీ బ్యాండ్లు వెళ్ళిపోయాక ఎవరు వాయించారు? ఎక్కువగా గోవా వాళ్ళు. గోవా 1510 నుంచి 1961 దాకా పోర్చుగీసు పాలనలో ఉంది. అక్కడ చర్చి బళ్ళలో పిల్లలకి పాశ్చాత్య సంగీతం చదవడం, రాయడం నేర్పేవాళ్ళు. పొలం పనులతో ఇల్లు గడవని కుటుంబాల కుర్రాళ్ళు ఆ విద్యతోనే బొంబాయి రైలెక్కారు. నల్లజాతి కళాకారుల పక్కన కూర్చుని వాయిస్తూ స్వింగ్ పట్టుకున్నారు.

వాళ్ళలో ఒకడు ఆంటోనియో షావియెర్ వాజ్. ఈ పేరు చెబితే ఎవరికీ తెలియదు. స్టేజీ పేరు చిక్ చాక్లెట్. ట్రంపెట్ వాయిస్తుంటే భారతదేశపు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనేవాళ్ళు. ఈయన సంగీత దర్శకుడు సి. రామచంద్రతో కలిసి పనిచేశాడు. 1951లో వచ్చిన 'అల్బేలా' సినిమా యూట్యూబ్‌లో దొరికితే చూడండి, ఆయన బ్యాండ్ తెర మీద కూడా కనిపిస్తుంది.

ఇక్కడే అసలు విషయం ఉంది. హోటల్లో రాత్రి వాయించిన చేతులే పగలు సినిమా స్టూడియోలో వాయించాయి. స్వరకర్త హార్మోనియం మీద ట్యూన్ ఇస్తాడు. ఆ ట్యూన్‌ని 50 మంది ఆర్కెస్ట్రా వాయించాలంటే ఎవరికి ఏ భాగమో కాగితం మీద నొటేషన్ రాయాలి. ఆ పని చేసినవాళ్ళలో చాలామంది గోవా అరేంజర్లే. టైటిల్స్‌లో సంగీత దర్శకుడి పేరు పెద్దగా పడేది. వీళ్ళది చాలాసార్లు పడేదే కాదు.

ఒక ఉదాహరణ చెప్తాను. 1977లో వచ్చిన 'అమర్ అక్బర్ ఆంథోనీ'లో అమితాబ్ పెద్ద గుడ్డులోంచి బయటికొచ్చి పేరు చెప్పుకుంటాడు కదా, ఆంథోనీ గొన్సాల్వెస్ అని. అది ఊరికే కల్పించిన పేరు కాదు. లక్ష్మీకాంత్-ప్యారేలాల్ జంటలో ప్యారేలాల్‌కి వయొలిన్ నేర్పిన గోవా గురువుగారి పేరు. శిష్యుడు అలా గురుదక్షిణ ఇచ్చాడు. దేశమంతా ఆ పేరు పాడింది, ఆ మనిషి ఎవరో ఎక్కువమందికి తెలియలేదు. అదే సినిమా 1980లో తెలుగులో 'రామ్ రాబర్ట్ రహీమ్'గా వచ్చింది. మన దగ్గర ఆంథోనీ కాస్తా రాబర్ట్ అయిపోయాడు!

బొంబాయిలో స్వాతంత్ర్యం తర్వాత మద్యనిషేధం వచ్చి హోటళ్ళ రాత్రులు తగ్గాయి. కలకత్తా పార్క్ స్ట్రీట్ మాత్రం వెలిగింది. 1956లో మొకాంబో తెరిచారు, అక్కడ పామ్ క్రెయిన్ జాజ్ పాడేది. దగ్గర్లోనే ట్రింకాస్. 1969లో అక్కడికి ఒక అమ్మాయి వచ్చింది. అప్పటికే మద్రాసు మౌంట్ రోడ్డులో నైన్ జెమ్స్ అనే చోట పాడిన అమ్మాయి. గౌను లేదు, కంచిపట్టు చీర, తల్లో పూలు, బరువైన గొంతు. ఆమే ఉషా ఉతుప్. నైట్‌క్లబ్ సింగర్ అంటే ఇలాగే ఉండాలనే లెక్కని ఆ చీర మార్చేసింది. తర్వాత భర్త అయిన జానీ ఉతుప్‌ని ఆమె కలిసింది కూడా ట్రింకాస్‌లోనే. టేబుల్ దగ్గర జంటలకే కాదు, మైకు ముందున్న మనిషికీ ఆ సాయంత్రాల్లో ఒక ప్రేమకథ ఉందన్నమాట. 2024లో ఆమెకి పద్మభూషణ్ వచ్చింది.

1970ల్లో పార్క్ స్ట్రీట్ కూడా నెమ్మదించింది. నక్సల్ ఉద్యమకాలపు అలజడి, కరెంటు కోతలు, లైవ్ మ్యూజిక్ మీద పన్ను. యజమానులకి బ్యాండ్ కంటే క్యాసెట్ చవకైంది. ఉష గారికి దక్కిన పేరు అందరికీ దక్కలేదు. మిగతావాళ్ళు కొందరు విదేశాలకి, కొందరు పెళ్ళిళ్ళ బ్యాండ్లకి, కొందరు ట్యూషన్లకి.

ఇప్పుడు హైదరాబాద్‌లో, విశాఖలో మళ్ళీ లైవ్ బ్యాండ్లు వాయిస్తున్నాయి. మీరు వెళ్తే ఒక్క పని చేయండి. బ్రేక్‌లో వెళ్ళి వాళ్ళ పేరు అడగండి. స్టోరీలో డిష్‌తో పాటు ఆ పేరూ ట్యాగ్ చేయండి. చిక్ చాక్లెట్ కాలంలో ఫోన్లు లేవు, రాసుకునేవాళ్ళు లేరు. మనకి ఆ సాకు లేదు కదా.

మీ ఊళ్ళో మీరు విన్న బ్యాండ్ పేరు కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.