నెత్తురు తిరిగొచ్చిన వేళ



గుడియాత్తంలో మగ్గం నేసే మా మేనమామకు ఏళ్ల తరబడి పేగు దిగే జబ్బు ఉండేది. అరవంలో కుడల్ ఇరక్కం అంటారు. ఒకనాటి రాత్రి దిగిన పేగు మళ్లీ లోపలికి పోలేదు. జీలకర్ర కషాయమనీ, కాపడమనీ తెల్లవార్లూ గడిపేశాం. పొద్దున రాయవేలూరికి తీసుకుపోతే, నల్లబడిన పేగును కోసి తీసేశారు. ''మిగిలింది ఎర్రబడింది కదా సారూ, ఇంకా భయమేమిటి?'' అని మా అత్త అడిగింది. ''నెత్తురు పారినాకే అసలు భయమమ్మా'' అన్నారు డాక్టరుగారు.

ఆ మాట వెనక పెద్ద చరిత్రే ఉంది.

నెత్తురు అందకపోవడమే పేగుకు చేటు అని చాలాకాలం అనుకున్నారు. 1981లో అమెరికాలో గ్రేంజర్, రూటిలి, మెకార్డ్ పిల్లుల పేగులపై చేసిన ప్రయోగంతో అనుమానం మొదలైంది. 1986లో పార్క్స్, గ్రేంజర్ ఇంకా తేటగా చూపారు. నాలుగు గంటలు నెత్తురు ఆపిన పేగుకన్నా, మూడు గంటలు ఆపి ఒక గంట పారనిచ్చిన పేగే ఎక్కువ చెడింది!

కారణం ఏమిటి? కణానికి బలమిచ్చేది ఏటీపీ. 1929లో ఫిస్క్‌తో కలిసి దాన్ని కండరంలోంచి వేరుచేసినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. నెత్తురు ఆగితే ఏటీపీ విరిగి విరిగి హైపోజాంథీన్‌గా పోగుపడుతుంది. జాంథీన్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము ఆక్సిడేజ్‌గా రూపు మార్చుకుంటుంది. అప్పుడు ప్రాణవాయువు వచ్చిందా, ఆ ఎంజైము దానితో సూపరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. నిలవ నూనె చెడినట్టు కణం పొరలోని కొవ్వు చెడుతుంది. దీన్ని అణచే ఎంజైము కూడా ఒంట్లో ఉంది, 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ కనుగొన్నారు. కాని ఒక్కసారిగా వచ్చిపడితే అది చాలదు. ఎండిన కౌండిన్యకు 2021 నవంబరులో పైనుంచి, మన చిత్తూరు వైపునుంచి, వరద దిగినప్పుడు గుడియాత్తం గట్లు ఏమయ్యాయో చూసినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక వేలూరు సంగతి. 1900 ప్రాంతంలో ఐడా స్కడర్ ఒక మంచంతో మొదలుపెట్టిన వైద్యం క్రైస్తవ వైద్య కళాశాలగా ఎదిగింది. 1960ల్లో ఈ చుట్టుపక్కల ఊళ్లలో ట్రాపికల్ స్ప్రూ అనే విరేచనాల జబ్బు ప్రబలినప్పుడు బేకర్, మాథన్ అక్కడినుంచే పరిశోధించారు. పేగు చదువుకు వేలూరు పేరుపడింది అలాగే. తర్వాత కె.ఎ. బాలసుబ్రమణియన్ బృందం ఎలుకల పేగు కణాలను విడదీసి, నెత్తురు ఆగి తిరిగొచ్చినప్పుడు వాటి మైటోకాండ్రియా ఏమవుతాయో 1997లో ప్రకటించింది. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం 1999 నాటి వ్యాసం. నెత్తురు ఆపనక్కరలేదు, పొట్ట తెరిచి పేగును చేత్తో తడిమినా చాలు, అదే ఎంజైము రేగుతుంది! గంటకు చెరుపు ముదిరి, ఇరవైనాలుగు గంటలకు సర్దుకుంది. అల్లోప్యూరినాల్, అదే కీళ్లవాతం మాత్ర, ముందుగా ఇస్తే ఎలుకలకు కాపు దొరికింది.

మనుషుల్లో ఆ ఒక్క మాత్రతో పని తీరలేదు. తెల్లకణాలూ ఈ చెరుపులో చెయ్యి కలుపుతాయి. కనుక డాక్టర్లు నేటికీ గడియారమే చూస్తారు.

మా మామ బతికాడు. మళ్లీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ రాత్రి కషాయాలతో పోయిన గంటలను మా అత్త ఇప్పటికీ వేళ్లమీద లెక్కపెడుతుంది.