నల్లమల యాత్రికులు – మలేరియా నివారణ, చికిత్సల చరిత్ర

తెలుగు పల్లెల్లో చలిజ్వరంగా చిరకాలం నుంచి తెలిసిన మలేరియా, ప్లాస్మోడియం అనే ఏకకణ పరాన్నజీవి వల్ల కలిగి, ఆడ అనాఫిలిస్ దోమ కాటుతో ఒకరి నుంచి మరొకరికి వ్యాపించే వ్యాధి. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలానికీ, ఆత్మకూరు వైపు నుంచి శ్రీశైలానికీ వెళ్లే దారులు నల్లమల అడవిలో సాగుతాయి కనుక, నంద్యాల ప్రాంతంలో ఈ వ్యాధి చరిత్రను తీర్థయాత్రల నుంచి విడదీసి చూడడం కష్టం.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదుల మీదుగా కాశీకి ప్రయాణించిన నాటికి ఈ జ్వరానికి దోమ కారణమని రుజువు కాలేదు. అడవి గాలి సోకిందనో, కొండ నీరు పడలేదనో జనం అనుకునేవారు. వదిలి వదిలి వచ్చే ఈ జ్వరాన్ని ఆయుర్వేదం విషమజ్వరాల్లో చేర్చగా, పలుమార్లు సోకినవారికి ప్లీహం పెరిగి ఎడమ డొక్క కింద గట్టిగా తగలడాన్ని వాడుకలో ‘బల్ల’ అన్నారు. చీకటి పడకముందే కొండ దిగాలన్న జాగ్రత్త మృగభయంతో పుట్టినదే అయినా, అనాఫిలిస్ దోమలు ప్రధానంగా రాత్రివేళ కుడతాయి కాబట్టి, అది యాత్రికులకు తెలియకుండానే కొంత రక్షణ ఇచ్చి ఉంటుంది.

1860ల నుంచి నీలగిరుల్లో సింకోనా తోటలు పెరిగి, నడువట్టంలో ఆ చెట్టు బెరడు నుంచి క్వినైన్ తీసే కర్మాగారం వెలిశాక, ఆ చేదు మందు క్రమంగా సామాన్యులకూ అందుబాటులోకి వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో తపాలా కార్యాలయాల్లో సైతం దాన్ని చిన్న పొట్లాలుగా అమ్మారు. 1880లో అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగుల రక్తంలో చూసిన పరాన్నజీవిని, 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో కనుగొన్నాడు. గాలినీ నీటినీ కాక దోమకాటును తప్పించుకోవాలన్న నేటి సలహా ఆ పరిశోధన మీదే నిలబడింది.

1953లో మొదలైన జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం 1958లో నిర్మూలన కార్యక్రమంగా మారింది. ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టడంతో అంతకు ముందు ఏటా సుమారు 7.5 కోట్లుగా అంచనా వేసిన కేసులు 1965 నాటికి లక్షకు దిగివచ్చినా, దోమలకు మందు తట్టుకునే శక్తి రావడం వంటి కారణాలతో 1976లో మళ్లీ 64 లక్షలు దాటాయి. గోడ మీద వాలిన దోమను చంపే ఈ పద్ధతి ఇంట్లో పడుకునేవారికి ఎంత మేలు చేసినా, వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శివరాత్రికి శ్రీశైలం నడిచి, దారిలో చెట్ల కింద నిద్రించే భక్తుడికి చేసేది స్వల్పమే. అందుకే దోమతెర, ఒంటిని పూర్తిగా కప్పే బట్టలు, దోమలను తరిమే లేపనం ప్రయాణికుడు తానే సమకూర్చుకోవలసినవి. సత్రంలో మంచం దొరకడం కంటే తెర దొరకడం ముఖ్యం.

నేడు ఆంధ్రప్రదేశ్‌లో మలేరియా ప్రధానంగా అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల్లో కేంద్రీకృతమై ఉంది కనుక, నంద్యాల నుంచి ఆ మన్యానికి వెళ్లేవారు మరింత జాగ్రత్త పడాలి. ఫాల్సిపరమ్ రకం ఎక్కువగా ఉన్నచోట 6 వారాల లోపు ఉండే పెద్దలకు, ముందుజాగ్రత్తగా రోజుకు 100 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌ను, ప్రయాణానికి 2 రోజుల ముందు మొదలుపెట్టి తిరిగి వచ్చాక 4 వారాల వరకు వాడాలని జాతీయ మార్గదర్శకాలు సూచిస్తాయి. గర్భిణులకు, 8 ఏళ్ల లోపు పిల్లలకు ఆ మందు పనికిరాదు. వైద్యుణ్ణి అడగకుండా ఎవరూ దీన్ని మొదలుపెట్టకూడదు.

చికిత్స రక్తపరీక్షలో తేలిన రకాన్ని బట్టి మారుతుంది. వైవాక్స్ రకానికి 3 రోజులు క్లోరోక్విన్‌తోపాటు, కాలేయంలో దాగి నెలల తర్వాత మళ్లీ జ్వరం తెప్పించే పరాన్నజీవిని చంపడానికి 14 రోజులు ప్రైమాక్విన్ ఇస్తారు. జి-6-పిడి అనే ఎంజైము లోపించినవారిలో ఇది ఎర్ర రక్తకణాలను చిట్లించగలదు, గర్భిణులకు అసలే ఇవ్వరు. ప్రాణాంతకం కాగల ఫాల్సిపరమ్‌కు ఆర్టిమిసినిన్ ఆధారిత మిశ్రమ చికిత్స చేస్తారు. చైనాలో ఆర్టిమిసినిన్‌ను వెలికితీసిన తు యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. దోమ కుట్టిన కనీసం వారం తర్వాతగానీ జ్వరం రాదు కాబట్టి, యాత్రికుడు ఇల్లు చేరాకే సాధారణంగా వ్యాధి బయటపడుతుంది. అప్పుడు చూసే వైద్యుడికి ఏ అడవిలో ఎన్ని రాత్రులు గడిపిందీ అడగకముందే చెప్పడం, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవడం అవసరం.