టెల్లూరియం పేచీ

మెండలీవ్ 1869లో మూలకాలను పరమాణు భారాల వరుసలో పేర్చినప్పుడు టెల్లూరియం, అయొడిన్‌ల దగ్గర పేచీ వచ్చింది. భారం ప్రకారం అయొడిన్ ముందు రావాలి. గుణాలు చూస్తే అది క్లోరిన్, బ్రోమిన్‌ల కుటుంబంలోది, కాబట్టి టెల్లూరియం తర్వాత రావాలి. మెండలీవ్ గుణాలవైపే మొగ్గి, టెల్లూరియం భారాన్ని తప్పుగా కొలిచారన్నాడు. కొలత సరైనదే. తప్పల్లా భారాన్ని నమ్ముకోవడంలో ఉంది.

అప్పటికి పరమాణు సంఖ్య అంటే హాజరు పట్టీలో వరుస నంబరు లాంటిదే. దానికి అర్థం తెచ్చినవాడు హెన్రీ మోస్లీ. 1913లో మాంచెస్టర్‌లో అతడు ఒక్కో లోహం మీదికి ఎలక్ట్రాన్లను పంపి, వెలువడిన ఎక్స్ కిరణాలను ఫొటో తీశాడు. కాల్షియంతో మొదలుపెట్టి ఆ ఫొటో పట్టీలను ఒకదాని కింద ఒకటి పెడితే గీతలు మెట్లు కట్టినట్టు కనిపించాయి. జింకు కోసం ఇత్తడి వాడాడు కాబట్టి ఆ పట్టీలో రాగి గీతలూ పడ్డాయి. స్కాండియం పట్టీ లేదు. అక్కడ ఒక మెట్టు ఖాళీ. ఒక్కో మెట్టూ కేంద్రకంలో పెరిగే ఒక ధనావేశానిది, అంటే ఒక ప్రోటాన్‌ది. కోబాల్టు నికెల్ కంటే బరువైనా పరమాణు సంఖ్య 27 దానిదే, 28 నికెల్‌ది. 43, 61, 75 స్థానాల్లో ఇంకా దొరకని మూలకాలున్నాయని కూడా మోస్లీ లెక్క చెప్పింది. 1915 ఆగస్టు 10న గల్లిపోలి యుద్ధంలో తూటా తగిలి అతడు చనిపోయాడు. వయసు 27.

అదే 1913లో గ్లాస్గోలో ఫ్రెడరిక్ సాడీ మరో చిక్కు విప్పాడు. కొన్ని రేడియోధార్మిక పదార్థాల భారాలు వేరైనా, రసాయనికంగా వాటిని విడదీయడం ఎవరివల్లా కాలేదు. మూలకాల పట్టికలో వాటిది ఒకే గడి అన్నాడు సాడీ. మార్గరెట్ టాడ్ అనే వైద్యురాలు వాటికి ఐసోటోపులని పేరు సూచించింది. గ్రీకులో ‘ఒకే చోటు’ అని అర్థం.

1919లో కేంబ్రిడ్జిలో ఆస్టన్ తన ద్రవ్యరాశి వర్ణపటమాపకంతో ఐసోటోపులను తూచడం మొదలుపెట్టాడు. క్లోరిన్‌లో 35, 37 అనే రెండు రకాలు సుమారు 3:1 పాళ్లలో ఉన్నాయి, 35.5 అనే వింత భారం వాటి సగటు. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుగొన్నాక ఆ తేడా ఎక్కడిదో తెలిసింది. రెండింటిలోనూ ప్రోటాన్లు 17. న్యూట్రాన్లు ఒకదానిలో 18, ఇంకోదానిలో 20. ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తమే ద్రవ్యరాశి సంఖ్య.

టెల్లూరియం పేచీ కూడా దీనితోనే తీరింది. దాని పరమాణు సంఖ్య 52, అయొడిన్‌ది 53. ప్రకృతిలోని అయొడిన్ అంతా 127 ఒక్కటే. టెల్లూరియంలో దాదాపు మూడింట రెండు వంతులు 128, 130 ఐసోటోపులు, అందుకే దాని సగటు భారం ఎక్కువ.