లోన్ తీరని కారును ఎక్స్ఛేంజ్‌కు ఇస్తున్నారా? తాళాలు అప్పగించే ముందు ఇవి చూసుకోండి

కారుపై ఇంకా రెండేళ్ల ఈఎంఐలు ఉన్నాయి. షోరూంలో కొత్త మోడల్‌పై ఎక్స్ఛేంజ్ ఆఫర్ నడుస్తోంది. పాత కారు ఇచ్చేయొచ్చా? ఇవ్వొచ్చు. కాకపోతే ఆర్‌సీలో హైపోథికేషన్ కింద బ్యాంకు పేరు ఉన్నంతవరకు, ఆ బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే బండి మరొకరి పేరుకు మారదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51 చెప్పేది ఇదే.

ముందు లెక్క తేల్చుకోండి

బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తీసుకోండి. యాప్‌లో కనిపించే బాకీ, ఇందులోని మొత్తం ఒకటి కావు. ఆ తేదీ వరకు వడ్డీ, ముందస్తు చెల్లింపు రుసుము, దానిపై జీఎస్టీ కూడా కలుస్తాయి. హోమ్ లోన్‌ను ముందే తీర్చేస్తే రుసుము ఉండదని విని, కారు లోన్‌కూ అంతే అనుకునేవాళ్లు చాలామంది. ఆ మినహాయింపు ఫ్లోటింగ్ రేటు రుణాలకే. కారు లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటువి కాబట్టి ఒప్పందంలో ఉన్న రుసుము కట్టక తప్పదు.

ఉదాహరణకు బ్యాంకుకు కట్టాల్సింది రూ.4.80 లక్షలు, డీలర్ ఇస్తానన్న ధర రూ.4.20 లక్షలు అనుకుందాం. తేడా రూ.60 వేలు మీరే భరించాలి. ‘కొత్త లోన్‌లో కలిపేద్దాం సార్’ అని షోరూంలో అనొచ్చు. పది శాతం వడ్డీతో ఐదేళ్లకు కలిపితే ఆ 60 వేలకు రూ.16 వేలకు పైగా వడ్డీ పడుతుంది. అమ్మేసిన కారుకు కట్టే వడ్డీ అది! చేతిలో డబ్బుంటే తేడా అప్పుడే కట్టేయడం నయం.

కారు అమ్మకుండా వడ్డీ భారం తగ్గించుకోవాలనుకుంటే లోన్‌ను మరో బ్యాంకుకు మార్చుకోవచ్చు. ఆర్‌సీలో పాత బ్యాంకు పేరు తీయించి, ఫారం 34తో కొత్త బ్యాంకు పేరు ఎక్కించాలి. అయితే ఈఎంఐల్లో వడ్డీ వాటా మొదట్లోనే ఎక్కువ. సగం గడువు దాటాక మారితే రుసుములు పోను మిగిలేది తక్కువే.

ఎన్‌ఓసీ చేతికొచ్చాకే సగం పని

బాకీని డీలరే తీరుస్తానంటే, ఆ సొమ్ము నేరుగా మీ లోన్ ఖాతాకే వెళ్లేలా చూడండి. ఖాతా మూసినట్టు లేఖ వచ్చేదాకా ఈఎంఐ ఆటో డెబిట్ ఆపొద్దు. ఒక్క వాయిదా తప్పినా సిబిల్ స్కోరు దెబ్బతినేది మీదే.

తర్వాత బ్యాంకు ఎన్‌ఓసీ, సంతకం చేసిన ఫారం 35 ఇస్తుంది. వీటితో రవాణా శాఖకు దరఖాస్తు చేస్తేనే ఆర్‌సీలో బ్యాంకు పేరు పోతుంది. చాలా ఎన్‌ఓసీలకు గడువు ఉంటుంది, బీరువాలో పెట్టి మరిచిపోవద్దు. రుణం తీరిన 30 రోజుల్లో పత్రాలు ఇచ్చి, రిజిస్ట్రీలో ఛార్జ్ తొలగించాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5 వేలు చెల్లించాలని ఆర్‌బీఐ 2023లో ఆదేశించింది. బ్యాంకు తిప్పుతుంటే ఆ ఆదేశాన్ని ప్రస్తావిస్తూ ఫిర్యాదు రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సమాచారానికి 14448 నంబరు ఉంది.

పేరు మారకపోతే బాధ్యత మీదే

అసలు ముప్పు ఇక్కడుంది. కారు ఇచ్చేశాక కొన్నవాళ్లు ఎవరినైనా గుద్దితే, ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. బండి చాలా చేతులు మారినా రిజిస్టరైన యజమానే పరిహారానికి బాధ్యుడని నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అందుకే ఫారం 29, 30పై సంతకాలు చేసి డీలర్‌కు ఇచ్చేసి ఊరుకోవడం ప్రమాదం. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో మీరు, 30 రోజుల్లో కొన్నవారు రవాణా శాఖకు తెలపాలి. వేరే రాష్ట్రానికి వెళ్లే బండికి ఫారం 28 కింద ఎన్‌ఓసీ అదనం.

2023 ఏప్రిల్ నుంచి కొత్త వెసులుబాటు వచ్చింది. రవాణా శాఖ అనుమతి ఉన్న డీలర్‌కు కారు అప్పగిస్తూ ఫారం 29సీ ద్వారా పోర్టల్‌లో తెలియజేస్తే, అప్పటి నుంచి ఆ డీలరే యజమానిగా లెక్క. అనుమతి పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. అది లేని డీలరైతే బండి ఇచ్చిన తేదీ, సమయం, కిలోమీటర్లు రాసిన డెలివరీ నోట్‌పై సంతకం తీసుకోండి. దానితో చట్టపరమైన బాధ్యత పోదు, కానీ ట్రాఫిక్ చలాన్ల తగాదాల్లో పనికొస్తుంది.

ఫాస్టాగ్ మూయించడం మరవొద్దు, లేకుంటే వాళ్ల టోల్ మీ ఖాతాలోంచి పోతుంది. నో క్లెయిమ్ బోనస్ కారుతో పాటు పోదు, అది మీదే. బీమా సంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే కొత్త కారు ప్రీమియంలో తగ్గింపు దక్కుతుంది.